చెప్పకుండా వదిలేసిన మాట

శౌరయ్యను మట్టిలో పెట్టిన మరుసటి ఎండాకాలంలో మేరమ్మకు ఆ మనిషి కనిపించడం మొదలైంది.

దీపాలు పెట్టే వేళ. మేరమ్మ వాకిట్లో కూర్చుని లాంతరు చిమ్నీ తుడుస్తోంది. తల ఎత్తి చూస్తే దడి అవతల ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. ఒంటిమీద ఆకుపచ్చ గళ్ళ చొక్కా. జేబు దగ్గర నీలం గుడ్డ అతుకు. ఆ అతుకు మేరమ్మ తన పాత రవిక చించి వేసిందే. ఆ చొక్కా తన కొడుకుది. దానితోనే వాణ్ణి పాతిపెట్టారు.

ముఖం మాత్రం కొడుకుది కాదు.

"ఎవరు బాబూ?" అంది మేరమ్మ. అతను పలకలేదు. ఏదో చెప్పడానికి వచ్చి, తీరా వచ్చాక ఆ మాట మరిచిపోయినవాడిలా చూస్తున్నాడు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి మడమతో పిక్క గోక్కుంటున్నాడు. మేరమ్మ చిమ్నీ కింద పెట్టి లేచేసరికి దడి దగ్గర ఎవరూ లేరు.

కూతురు జ్ఞానమణి బడి నుంచి రాగానే ఈ సంగతి చెప్పింది.

"మసక చీకటి కదమ్మా. దారిన పోయేవాడెవరో అయి ఉంటాడు."

"నా చేతి అతుకు నేను పోల్చుకోలేనా?"

"పోనీ, తమ్ముడే అనుకున్నావేమో."

"తమ్ముడు కాదనే కదే చెప్తున్నాను! వాడైతే నాకెందుకు భయం? వాడి చొక్కా వేసుకుని ఇంకెవడో వస్తున్నాడు."

 జ్ఞానమణి తిరువూరు హైస్కూల్లో సైన్సు టీచరు. చర్చి వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. తండ్రి రాయప్ప తాపీ మేస్త్రి. చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని గోడ తక్కువ. ఒక్కగానొక్క కొడుకు శౌరయ్యకూ ఆ పనే నేర్పాడు. కానీ కుర్రవాడికి ఆ పని మీద మనసు లేదు. కొత్తగూడెం బొగ్గు గనుల్లోకి పోతానని ఒకటే గొడవ. కిందటి వానాకాలంలో ఆ మాట మీదే తండ్రీకొడుకులకు పడింది. రాయప్ప చేతిలో ఉన్న తాపీతో కొట్టబోతే మేరమ్మ అడ్డం పడింది. ఆ కోపం చల్లారకముందే శౌరయ్య వినగడపలో ఒక పశువుల కొట్టం గోడ కట్టడానికి వెళ్ళాడు. గోడ పూర్తయింది. అతను బయలుదేరిన రోజే జడివాన పట్టుకుంది. కట్టలేరు వాగు పొంగింది. శౌరయ్య ఇంటికి రాలేదు.

మూడోనాడు వాగు వంపు దగ్గర తుమ్మకంపకు ఒక శవం తట్టుకుందని కబురొచ్చింది. రాయప్ప బండి కట్టించుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. ముఖం మీద గుడ్డ తియ్యనివ్వలేదు. "చూడొద్దు. చూసేట్టు లేదు," అన్నాడు. చొక్కా జేబు మాత్రం చూపించాడు. మేరమ్మ ఆ నీలం అతుకు మీద వేలు పెట్టి అక్కడే కూలబడిపోయింది. తరవాత రాయప్పే సిమెంటుతో సమాధి కట్టి, తడి ఆరకముందే మేకుతో కొడుకు పేరు రాశాడు.

ఇప్పుడు ఆ చొక్కా దడి దగ్గరికి వస్తోంది.

ఒకనాటితో పోలేదు. దాదాపు రోజూ అదే వేళకు వచ్చేవాడు. దడి దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేసి, దీవించిన నీళ్ళు చల్లి వెళ్ళారు. ఆ సాయంత్రమూ వచ్చాడని మేరమ్మ చెప్పింది. రాయప్ప తీరు ఇంకో రకంగా ఉండేది. ఆమె ఆ మాట ఎత్తగానే కంచంలో అన్నం ఉన్నా సరే లేచి బయటికి పోయేవాడు. వచ్చేది ఎవరని ఒక్కసారీ అడగలేదు, ఎలా ఉన్నాడనీ అడగలేదు.

ఒక సాయంత్రం జ్ఞానమణి వీధి మలుపు తిరిగేసరికి తల్లి దడి పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఖాళీ వీధి. ఆ ఖాళీతో మాట్లాడుతోంది.

"ఎన్నాళ్ళు నిలబడతావు నాయనా? లోపలికి రా. ఇంత అన్నం తినిపో. నీకూ ఒక తల్లి ఉంటుంది కదా, ఆమె పేరన్నా చెప్పు."

జ్ఞానమణి మలుపులోనే ఆగిపోయింది. దయ్యాన్నే చూసినా అంత భయపడేది కాదేమో. అమ్మకు మతి తప్పుతోందని ఆ రోజు నిశ్చయించుకుంది. సెలవుల్లో విజయవాడ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాలనుకుంది.

ఆ సెలవుల్లోనే, మే నెలలో, సైన్సు టీచర్లకు తిరువూరులో శిక్షణ తరగతులు పెట్టారు. విజయవాడ కాలేజీ నుంచి జగన్నాథరావు అనే లెక్చరరు వచ్చాడు. పెద్దాయన. పాఠం చెప్పినట్టు కాకుండా తగువు పెట్టుకున్నట్టు మాట్లాడతాడు. ఆ రోజు నక్షత్రాలను తరగతులుగా ఎలా విడగొడతారో చెబుతూ బోర్డు మీద రాశాడు:

ఎర్రని నక్షత్రాలు వేడి తక్కువవి. నీలంగా, తెల్లగా మెరిసేవి వేడి ఎక్కువవి. ఈ నక్షత్రం మనకు ఎర్రగా కనిపిస్తోంది. కాబట్టి ఇది వేడి తక్కువ తరగతికి చెందింది.

సుద్దముక్క బల్లమీద పెట్టి అందరి వైపూ తిరిగాడు. "ఎర్రవి వేడి తక్కువవి, ఆ మాట నిజం. ఇది ఎర్రగా కనిపిస్తోంది, అదీ నిజం. మీ కళ్ళతో మీరే చూశారు. అయినా చివరి మాట తప్పు కావచ్చు. ఎందుకంటే మధ్యలో ఒక మాట చెప్పకుండా వదిలేశాం. అది నిజమైతేనే ఈ వాదం నిలబడుతుంది. ఏంటది?"

లెక్కలు కూడా చెప్పే అంకారావు మాస్టారు లేచాడు. "దూరం సంగతి చెప్పలేదండీ. నక్షత్రం ఎంతో దూరాన ఉంది గదా."

"ఉత్త దూరం వల్ల వెలుగు తగ్గుతుంది మాస్టారూ. రంగెందుకు మారుతుంది?"

"చూసేవాడి కళ్ళు సరిగ్గా ఉండాలి సార్," అన్నాడు వెనకనుంచి సుందరరావు. అందరూ నవ్వారు.

"నవ్వకండి. ఆయన దారిలోనే ఉన్నాడు. కంటి దగ్గర మొదలుపెట్టి నక్షత్రం దాకా వెళ్ళండి. ఆ దారిలోనే ఎక్కడో ఉంది. రేపు చెప్పండి."

జ్ఞానమణి ఆ నాలుగు మాటలూ మనసులో తిప్పుకుంటూ ఇంటిదారి పట్టింది. రెడ్డిగూడెం తోటల నుంచి మామిడికాయల బండ్లు వరసగా బస్టాండు వైపు వస్తున్నాయి. వానచుక్క పడి నెలలైంది. ఎడ్ల గిట్టల కింద లేచిన దుమ్ము రోడ్డు పొడుగునా గోడ కట్టినట్టు నిలిచిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఎత్తింది. ఆ దుమ్ములోంచి సూర్యుడు ఆరబోతున్న నిప్పుకణికలా ఎర్రగా ఉన్నాడు. కళ్ళు చికిలించకుండా నేరుగా చూడగలుగుతోంది.

మధ్యాహ్నం బడి ఆవరణ దాటుతుంటే ఇదే సూర్యుడు మెడ మాడ్చేశాడు. ఇంతలో చల్లారాడా? ఎక్కడ చల్లారాడు! అక్కడ ఎలా ఉన్నవాడు అలాగే ఉన్నాడు. మారింది మధ్యలో ఉన్నది.

మర్నాడు క్లాసులో లేచి చెప్పింది. "నక్షత్రం నుంచి వెలుగు ఎలా బయలుదేరిందో అలాగే మన దగ్గరికి వచ్చిందనుకుంటున్నాం సార్. మధ్యలో దాన్ని మార్చేది ఏదీ లేదనుకుంటున్నాం. ఆ మాటే పైకి చెప్పలేదు."

జగన్నాథరావు ముఖం విప్పారింది. "అదీ! నక్షత్రాల మధ్య చోటంతా ఖాళీ కాదమ్మా. సన్నని ధూళి మేఘాలున్నాయి. నీలం వెలుగును ఎక్కువగా అడ్డుకుని ఎరుపును వదుల్తాయి. మహా వేడిగా మండే నక్షత్రం కూడా వాటి వెనక ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. ఉత్త రంగును నమ్మితే దాన్ని తీసుకెళ్ళి తప్పు గుంపులో పడేస్తాం."

"మరి అసలుది ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు అంకారావు.

"ఆ వెలుగును పట్టకంలోంచి పంపితే రంగుల పట్టీ వస్తుంది కదా. అందులో సన్నని నల్ల గీతలుంటాయి. ధూళి రంగును మార్చగలదు గానీ, ఆ గీతలను చెరిపెయ్యలేదు. రంగు ఒంటిమీద చొక్కా లాంటిది మాస్టారూ. ఒకరిది ఒకరు తొడుక్కోవచ్చు. ఆ గీతలు పుట్టుమచ్చల్లాంటివి. మనిషిని పోల్చుకోవాలంటే చొక్కా చూస్తే చాలదు, మచ్చ చూడాలి."

ఆ తరవాత ఆయన చెప్పింది జ్ఞానమణి చెవిన పడలేదు.  చొక్కా శౌరయ్యది. శవం మీద ఆ చొక్కా ఉంది. కాబట్టి శవం శౌరయ్య. ఇంటిల్లిపాదీ, వీధి మొత్తం, ఫాదర్ గారు, అందరూ ఆ మాట మీదే నిలబడి ఏడ్చారు. ఆ చొక్కా ఆ రోజు శౌరయ్య ఒంటిమీదే ఉందని ఎవరు చూశారు?

శౌరయ్య ఎడమకాలి చిటికెన వేలు సగమే ఉండేది. చిన్నప్పుడు పునాది రాయి మీద పడి నలిగిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి వదలగానే తండ్రి పనిచేసే చోటికి వెళ్ళింది. రాయప్ప ప్రహరీ గోడకు దారం కడుతున్నాడు.

"నాన్నా, ఒకటి అడుగుతాను. కోప్పడకు. ఆ రోజు తమ్ముడి కాళ్ళు చూశావా?"

దారం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "పని దగ్గర ఇవేం మాటలు? ఇంటికెళ్ళు."

"చిటికెన వేలు ఎలా ఉంది నాన్నా?"

"నానిపోయింది ఒళ్ళంతా. ఏం తెలుస్తుంది?"

"వేలు ఉందా, లేదా?"

రాయప్ప ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. చేతులకంటిన సున్నం గోళ్ళతో గీరుకున్నాడు.

"ఉంది," అన్నాడు చివరికి. "ఐదూ నిండుగా ఉన్నాయి. చూశాను. చూసి గుడ్డ కప్పేశాను."

"నాన్నా!"

"చొక్కా మనదే. అతుకు మనదే. ఇంటి దగ్గర మీ అమ్మ మూడు రోజులుగా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఒట్టి చేతులతో వెళ్తే ఆవిడ కూడా దక్కదనిపించింది. నీళ్ళలో నానితే వేలు పెరుగుతుందేమో అని కూడా అనుకున్నానే మణీ. అలా అనుకుని నన్ను నేను నమ్మించుకున్నాను. తరవాత పేరు రాశాను. రాసేశాక ఇక తుడిచే ధైర్యం రాలేదు."

"అమ్మకు కనిపిస్తున్నది..."

"ఎవరో నాకు తెలియదు. మనవాడు కాదని మాత్రం తెలుసు. ఆవిడ చెప్పిన మొదటిరోజే తెలిసింది. అందుకే అక్కడ కూర్చోలేక లేచిపోతున్నాను."

ఆ సాయంత్రం జ్ఞానమణి తల్లికి అంతా చెప్పింది. మేరమ్మ ఏడవలేదు. మొగుణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. "నాకు మతి పోలేదన్నమాట," అంది అంతే. కాసేపాగి, "పొద్దున్నే వినగడప పోదాం," అంది.

వినగడపలో కొట్టం కట్టించిన బసవపున్నయ్య గారింట్లో అడిగితే ఆయన భార్య సుబ్బాయమ్మ చెప్పింది. "మీవాడికి ఇటుకలందించింది మా ఊరి జోజప్పేనమ్మా. ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు. ఆ కుర్రాడు కొత్తగూడెం పోయాడుగా. వాళ్ళమ్మ హన్నమ్మ ఉంది, ఊరి చివర."

హన్నమ్మ గుడిసె ముందు కూర్చుని చింతపండు గింజలు కొడుతోంది. తిరువూరు నుంచి వచ్చామని, మేస్త్రి రాయప్ప మనుషులమని చెప్పగానే రాయి కింద పెట్టి లేచి వచ్చి మేరమ్మను వాటేసుకుంది.

"ఆ బాబు తల్లివా నువ్వు! వాగులో పోయాడని విని ఎంత ఏడ్చానో. నీ కొడుకు పుణ్యాత్ముడు వదినా. పోయే రోజు పొద్దున్న ఈ అరుగు మీదే గంజి తాగాడు. మావాడి చొక్కా సున్నం తిని చీలికలైపోయింది. నీ కొడుకు తన చొక్కా విప్పి వాడికి తొడిగాడు. 'కొత్త ఊరు పోతున్నావు, ఇది వేసుకో, మా అమ్మ చేత్తో కుట్టింది' అన్నాడు. మావాడి చింకిది తను వేసుకున్నాడు. ఇద్దరూ కలిసే బయలుదేరారు."

మేరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. జ్ఞానమణి అడిగింది.

"మీవాడు బస్సెక్కడం ఎవరైనా చూశారా పిన్నీ?"

"మా మరిది చూశాడుగా. గంపలగూడెంలో మధిర బస్సెక్కుతున్నాడట, వెనకనుంచి చూశాడు. పిలిస్తే తిరగలేదట. భుజాన నేను కుట్టిచ్చిన ఎర్రచారల సంచి ఉందంటే, ఇంకెవరు? నా మీద కోపం వాడికి. వెళ్ళొద్దని తిట్టాను. అందుకే ఇన్ని నెలలైనా ఒక్క ఉత్తరం లేదు."

మేరమ్మ నెమ్మదిగా అడిగింది. "మీవాడు నిలబడ్డప్పుడు... ఒంటికాలి మీద నిలబడి మడమతో పిక్క గోక్కుంటాడా?"

హన్నమ్మ పకపకా నవ్వింది. "చిన్నప్పటి నుంచీ అంతే! కొంగలాగా. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. నువ్వెక్కడ చూశావు వదినా?"

"మా దడి దగ్గర నిలబడుతున్నాడు. సాయంత్రం పూట."

"తిరువూరులో ఉన్నాడా?" హన్నమ్మ ముఖంలో నవ్వు పోయి ఉక్రోషం వచ్చింది. "ఇంత దగ్గర ఉండి నా గుమ్మం తొక్కలేదా?"

 ఇక చెప్పవలసింది జ్ఞానమణే. హన్నమ్మ ముందు నేలమీద కూర్చుంది.

"పిన్నీ, వాగులో దొరికిన మనిషి ఒంటిమీద ఆ గళ్ళ చొక్కా ఉంది. కాలి వేళ్ళు ఐదూ ఉన్నాయి. మా తమ్ముడికి ఒక వేలు సగమే."

హన్నమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అరవలేదు. కిందపడ్డ చింతగింజలు ఒక్కొక్కటే ఏరి చేటలో వేసింది. వేస్తూ వేస్తూ, నేల వైపే చూస్తూ అడిగింది.

"మరి మా సంచి వేసుకుని బస్సెక్కిందెవరు?"

మేరమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు దాచుకోవడానికి కాదు. ఎదురుగా ఒక తల్లి కూలిపోతుంటే తన లోపల పొంగుతున్నది ముఖం మీదికి రాకూడదని.

రాయప్ప ఆ రాత్రి బస్సుకే కొత్తగూడెం బయలుదేరాడు. గని దగ్గర అడిగాడు, పనివాళ్ళ గుడిసెల్లో అడిగాడు, చర్చి దగ్గర అడిగాడు. కొన్నాళ్ళ దాకా ఏ కబురూ లేదు. ఆ రోజుల్లో దడి దగ్గరికి ఎవరూ రాలేదు. మేరమ్మ మాత్రం వాకిట్లోనే కూర్చునేది.

ఒక సాయంత్రం రాయప్ప వచ్చాడు. వెనక ఇంకో మనిషి. చిక్కిపోయాడు. కనురెప్పల అంచులకు కాటుకలా బొగ్గు పట్టి ఉంది. భుజాన ఎర్రచారల సంచి. దడి దాకా వచ్చి ఆగిపోయాడు.

"అమ్మా," అన్నాడు.

మేరమ్మ లేవలేదు. లాంతరు ఎత్తి పట్టుకుంది. "ముందు కాళ్ళు చూపించు," అంది. 

శౌరయ్య చెప్పులు విడిచి ఎడమకాలు ముందుకు పెట్టాడు. మేరమ్మ వంగి, సగమే ఉన్న ఆ వేలును చేత్తో తడిమి చూసుకుంది. అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన కేకకు వీధంతా దీపాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

శౌరయ్యకు తను చచ్చిపోయినట్టు బస్సులో తండ్రి చెప్పేదాకా తెలియదు.

"దారి చీలే చోటికొచ్చాం," అని చెప్పాడు, గోడకు ఆనుకుని కూర్చుని. "నాన్న ఎదటపడే ధైర్యం లేదు నాకు. ఇంటికి రాకుండా అటునుంచి అటే గనికి పోవాలని ఉంది. జోజప్పే అన్నాడు. 'నువ్వు నా సంచి తీసుకుని ముందు పో. నేను తిరువూరు పోయి మీవాళ్ళతో చెప్తాను. మీ కొడుకు క్షేమంగానే ఉంటాడు, వెతకొద్దు అని చెప్పి వెనకే వచ్చేస్తాను' అన్నాడు. అప్పటికి చినుకులే పడుతున్నాయి."

"మళ్ళీ రాలేదని అనుమానం రాలేదట్రా?" అంది జ్ఞానమణి.

"వాళ్ళమ్మ పోనివ్వలేదనుకున్నాను. చెప్పి ఉంటాడులే, మీకింకా కోపం తగ్గలేదులే అనుకున్నాను. గంపలగూడెంలో వెనకనుంచి ఎవరో 'జోజప్పా' అని పిలిచారక్కా. విన్నాను. నన్ను కాదు కదా అని తిరగలేదు."

మేరమ్మ దడి వైపు చూసింది. "చెప్పడానికే వచ్చాడు పాపం," అంది. "రోజూ వచ్చాడు. నేనే లోపలికి రా, అన్నం తిను అంటూ ఉన్నాను. ఏం చెప్పాలని వచ్చావు అని అడగలేదు."

సమాధి మీద పేరు మార్చే రోజున హన్నమ్మ వచ్చింది. ఫాదర్ గారు వచ్చారు. రాయప్ప ఉలి, సుత్తి పట్టుకుని ముందుకు వంగాడు గానీ ఉలిని పేరు మీద ఆనించలేకపోయాడు. శౌరయ్య ఆయన చేతిలోంచి ఉలి తీసుకున్నాడు. "నా పేరు నేనే తీస్తాను నాన్నా," అన్నాడు.

మొదటి దెబ్బకు సిమెంటు పెచ్చు ఎగిరింది. హన్నమ్మ ముందుకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"మెల్లగా కొట్టు బాబూ. కింద మావాడున్నాడు."

శౌరయ్య ఆ తరవాత ఉలిని గోటితో గీకినట్టు ఆడించాడు. పేరు పోవడానికి పూట పట్టింది. అంతసేపూ ఎవరూ కదల్లేదు. ఫాదర్ గారు ప్రార్థనలన్నీ మొదటి నుంచీ, సరైన పేరుతో, మళ్ళీ చదివారు.

అయిపోయాక రాయప్ప హన్నమ్మ ముందు తలపాగా తీసి నిలబడ్డాడు. "తెలిసే కప్పేశానమ్మా. మావాడు కాదని ఆ రోజే తెలుసు. తెలిసి నీ కొడుకును నీకు కాకుండా చేశాను."

హన్నమ్మ సమాధి మీది సిమెంటు పొడి కొంగుతో తుడిచింది.

"వాగులో వదిలేసి రాలేదు అన్నయ్యా. పెట్టె చేయించావు, గుడ్డ కప్పావు, సమాధి కట్టావు. నా చేత అయ్యేది కాదు అదంతా. కానీ ఇన్ని నెలలూ నేను వాణ్ణి తిట్టాను. ఉత్తరం ముక్క రాయని వెధవ అని పొద్దున లేస్తే తిట్టాను. వాడు ఇక్కడ పడుకుని ఉన్నాడని తెలియక తిట్టాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడికి పోతాయి?"

 రాయప్ప ఆ తరవాత బతికినన్నాళ్ళూ గోడ కట్టేటప్పుడు మధ్య మధ్యలో ఆగి, ఎవరో వెనక నిలబడి అడుగుతున్నట్టు తల తిప్పి చూసేవాడు.

శౌరయ్య మళ్ళీ గనికి పోలేదు. తొలకరి పడకముందే వినగడప వెళ్ళి హన్నమ్మ గుడిసె తాటాకు మార్చాలనుకున్నాడు. మొదటిసారి వెళ్తే ఆమె తలుపు తియ్యలేదు. "నిన్ను చూడలేను బాబూ, వెళ్ళిపో," అని లోపలినుంచే చెప్పింది. రెండోసారి తలుపు తీసింది కానీ మాట్లాడలేదు. మూడోసారి జ్ఞానమణిని తోడు తీసుకెళ్ళాడు. హన్నమ్మ చేట, బియ్యం తెచ్చి ఆమె ముందు పెట్టి రాళ్ళేరమంది. తను పొయ్యి వెలిగించింది.

శౌరయ్య కప్పు మీదికెక్కి పాత ఆకు పీకి కింద పడేస్తున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. ఇల్లంతా పొగ, ఉడుకుతున్న అన్నం వాసన. హన్నమ్మ గరిటె చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. కళ్ళకు ఎండ కొట్టి, పైకి చూడకుండానే కేకేసింది.

"జోజీ! దిగిరారా. అన్నమైంది."

అని, ఉన్నచోటే కొయ్యబారిపోయింది.

కప్పు మీద ఆకుల చప్పుడు ఆగింది.  దూరంగా ఎవరో దూడను అదిలిస్తున్నారు.

"వస్తున్నానమ్మా," అన్నాడు శౌరయ్య పైనుంచి.

హన్నమ్మ లోపలికెళ్ళి కంచాలు పెట్టింది. నిచ్చెన మెట్లమీద అతని కాళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగడం కనిపిస్తోంది. జ్ఞానమణి అటు చూడలేదు. తల వంచుకుని చేటలో రాళ్ళు ఏరుతూనే ఉంది.